సినర్జీ లెక్కలోకి రాని నోట్‌బుక్

బీఈఎఫ్‌ఏ క్లాసులో ఒకరోజు సార్ బోర్డు మీద ‘2 + 2 = 5’ అని రాశారు. మేం సీఎస్‌ఈ వాళ్లం కదా, వెనక బెంచీలో ఎవడో “సార్, టెస్ట్ కేస్ ఫెయిల్” అన్నాడు. క్లాసంతా నవ్వింది. సార్ కూడా నవ్వి, దీన్ని సినర్జీ అంటారు, ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొన్నాక రెండిటి వనరులూ కలిస్తే, విడివిడిగా వచ్చేదానికంటే ఎక్కువ వస్తుంది అని చెప్పారు. ఆ ఎక్కువైన 1 ఎక్కడి నుంచి వస్తుంది సార్ అని అడిగా. సమాధానం వచ్చేలోపు బెల్లు కొట్టారు.

ఆ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. మాది కోదాడ. మా మామ వాళ్లది మిర్యాలగూడ. చిన్నప్పటి నుంచి సెలవులకి హుజూర్‌నగర్ మీదుగా ఆ రోడ్డు మీదే తిరిగా. ముందు సిమెంట్ లారీ, వెనక వడ్ల లారీ, మధ్యలో మా బస్సు. మేళ్లచెరువు, చింతలపాలెం, మఠంపల్లి, అటు దామరచర్ల, వాడపల్లి. కృష్ణ ఒడ్డున సున్నపురాయి ఉన్నంత మేర పది పన్నెండు సిమెంట్ ఫ్యాక్టరీలు. వాటిల్లో కొన్ని ఎన్నిసార్లు చేతులు మారాయో మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎందుకంటే బోర్డు మారిన ప్రతిసారీ ఎవరో ఒక చుట్టం ఉద్యోగం సంగతి మాట్లాడుకోవాల్సి వస్తది.

(ఇంగ్లిష్ మీడియం వాడిని. తెలుగులో తప్పులుంటే క్లబ్ వాళ్లు దిద్దుతారని ధైర్యం. సినర్జీకి తెలుగు మాట ఏంటని మా అమ్మని అడిగితే “పొత్తు” అంది. పొత్తులో ఇద్దరికీ వాటా ఉంటది కదమ్మా అంటే, “మరి దీంట్లో ఉండదా?” అంది. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాటకి నా జవాబు అనుకోండి.)

ముందు వాడపల్లి కథ. కృష్ణలో మూసీ కలిసే ఊరు, అగస్తీశ్వర స్వామి గుడి ఉన్న ఊరు. అక్కడ రాశి సిమెంట్ ఫ్యాక్టరీ పెట్టింది బి.వి.రాజు గారు. పేరు ఎక్కడో విన్నట్టుందా? మన ఫ్రెండ్స్ చదువుతున్న బీవీఆర్‌ఐటీలో బీవీఆర్ ఆయనే. ప్రభుత్వ కంపెనీ సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకి ఛైర్మన్‌గా చేసి, తర్వాత సొంతంగా కంపెనీ పెట్టిన మనిషి. ఫ్యాక్టరీ ఉన్న చోటికి విష్ణుపురం అని పేరు, నడికుడి లైన్లో రైల్వే స్టేషన్ పేరు కూడా అదే.

1998లో చెన్నైకి చెందిన ఇండియా సిమెంట్స్ ఆ కంపెనీ మీద కన్నేసింది. ఐపీఎల్ చూసేవాళ్లకి ఈ కంపెనీ తెలిసే ఉంటుంది, 2008లో చెన్నై సూపర్ కింగ్స్‌ని కొన్నది వీళ్లే. రాజు గారికి అమ్మే ఉద్దేశం లేదు. వాళ్లు నేరుగా మామూలు షేర్‌హోల్డర్ల దగ్గరికెళ్లి షేరుకి 300 రూపాయలు ఇస్తామని ఓపెన్ ఆఫర్ పెట్టారు. అది అప్పటి మార్కెట్ ధర కంటే చాలా ఎక్కువ. కొన్ని వారాలు గొడవ నడిచి, చివరికి రాజు గారు తన వాటా వాళ్లకే అమ్మేశారు. మన దేశంలో యజమాని వద్దన్నా జరిగిన టేకోవర్ల గురించి చెప్పేటప్పుడు ఇప్పటికీ దీని పేరు వస్తుంది.

లెక్క ప్రకారం ఇది 2 + 2 = 5 కావాలి. ఇండియా సిమెంట్స్‌కి అప్పటికే కడప జిల్లా చిలంకూరులో ప్లాంటు ఉంది. వాడపల్లి కలిస్తే సౌత్ అంతా వాళ్లదే. కానీ కొన్నది పెద్ద ధరకి, అది కూడా అప్పు తెచ్చి. ఆ వెంటనే సౌత్‌లో సిమెంట్ ఎక్కువైపోయి ధరలు పడ్డాయి. 2000ల మొదటి ఏళ్లలో కంపెనీ బ్యాంకులతో కూర్చుని అప్పులు సర్దుబాటు చేయించుకోవాల్సి వచ్చింది. రాశితో పాటు చేతికొచ్చిన శ్రీవిష్ణు సిమెంట్‌ని కూడా అమ్మేసుకుంది. అంటే కలుపుదామని కొన్న రెండు ఫ్యాక్టరీల్లో ఒకటి, సరిగ్గా కలవకముందే వడ్డీల కింద పోయింది.

ఆ శ్రీవిష్ణు ఉన్నది దొండపాడులో, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. అది జువారీ చేతికి పోయింది. జువారీలో అప్పటికే ఇటలీ కంపెనీ ఇటాల్సిమెంటి భాగస్వామి, తర్వాత మొత్తం వాళ్లదే అయింది. 2016లో ఆ ఇటలీ కంపెనీనే జర్మనీ వాళ్ల హైడెల్‌బర్గ్ కొనేసింది. దొండపాడు ఒక్క అంగుళం కదలకుండా హైదరాబాద్, చెన్నై, ఇటలీ, జర్మనీ తిరిగొచ్చింది. మా బ్యాచ్‌లో వీసా కోసం తిప్పలు పడుతున్నోళ్లకి ఈ సంగతి చెప్తే ఏడుస్తారు.

ఇక వాడపల్లి. 1998లో ఎవరైతే కొన్నారో, 2024లో వాళ్లే అమ్ముడుపోయారు. అల్ట్రాటెక్ ముందు 23 శాతం దాకా వాటా కొని, జూలైలో ప్రమోటర్ల 32.72 శాతానికి షేరు 390 చొప్పున 3,954 కోట్లకి ఒప్పందం చేసుకుని, డిసెంబర్ 24న పని పూర్తి చేసింది. అదే ఏడాది ఆగస్టులో, వాడపల్లికి పక్కనే గణేశ్‌పహాడ్‌లో ప్లాంటున్న పెన్నా సిమెంట్ అదానీల అంబుజాకి వెళ్లిపోయింది, అప్పులతో కలిపి 10,422 కోట్ల లెక్కన. ఒకే ఏడాదిలో, దగ్గర దగ్గర ఊళ్లలో, రెండు పెద్ద గ్రూపులు. ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే మన క్లాస్‌మేట్లకి ఇది న్యూస్ కాదు, ఇంట్లో అన్నం తినేటప్పుడు మాట్లాడుకునే విషయం.

కలపడం వల్ల లాభం లేదని నేను అనట్లేదు. ఉంది. సిమెంట్ బరువెక్కువ, ధర తక్కువ. యాభై కిలోల బస్తా ఎంత దూరం పోతే అంత కిరాయి మీద పడుతుంది. ఒకే ఓనర్‌కి నాలుగు ప్లాంట్లుంటే ఖమ్మం డీలర్‌కి దగ్గర ప్లాంటు నుంచి, కడప డీలర్‌కి అక్కడి ప్లాంటు నుంచి పంపొచ్చు. లారీ అడ్డంగా తిరగదు. బొగ్గు ఒకేసారి ఎక్కువ కొంటే బేరం వస్తుంది. ఒకచోట క్లింకర్ మిగిలితే ఇంకోచోట గ్రైండింగ్ చేయొచ్చు. మఠంపల్లి సాగర్ సిమెంట్స్‌నే చూడండి, 2016లో విశాఖ దగ్గర బయ్యవరంలో గ్రైండింగ్ యూనిట్ కొన్నది. క్లింకర్ ఉన్నది ఇక్కడ, మార్కెట్ ఉన్నది అక్కడ. ఇలాంటి చోట 5 వస్తుందంటే నమ్ముతా. మా గ్రాఫ్స్ చాప్టర్లో షార్టెస్ట్ పాత్ లాంటిదే, నోడ్లు పెరిగితే మంచి దారి దొరికే ఛాన్స్ పెరుగుతుంది.

నా కంప్లైంట్ అక్కడ కాదు. కలిపేటప్పుడు ‘వనరు’ అంటే ఏంటో ఎవరు తేలుస్తున్నారన్నది నా ప్రశ్న.

మా చిన్నాన్న ఒక సిమెంట్ ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేసేవాడు. పేరు రాయను, ఈ చుట్టుపక్కలదే అనుకోండి. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు దాన్ని వేరే వాళ్లు కొన్నారు. చిన్నాన్న దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది, అట్ట చిరిగి బ్రౌన్ టేపు వేసింది. అందులో ఏముందో పెద్దయ్యాక గానీ నాకు అర్థం కాలేదు. ఫలానా ఫ్యాన్ బేరింగ్ కంపెనీది దొరక్కపోతే ఏ నంబరుది పడుతుంది, దానికి ఎంత మందం షిమ్ పెట్టాలి. మిర్యాలగూడలో ఏ లేత్ షాపు వాడు రాత్రి రెండింటికి ఫోన్ చేసినా లేస్తాడు. రైస్ మిల్లుల సీజన్‌లో ఏ షాపుకి పోయినా లాభం లేదు, అప్పుడు సూర్యాపేటలో ఎవరిని పట్టుకోవాలి. ఎవరికి బాకీ ఉన్నాం, ఎవరు బాకీ ఉన్నా పని చేసిపెడతారు.

ఇది ఎందుకు ముఖ్యమంటే, సిమెంట్ ఫ్యాక్టరీకి గుండె కిల్న్. అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద గొట్టం లాంటి పొయ్యి అది, లోపల 1,450 డిగ్రీల దాకా వేడి. దాన్ని మన ల్యాప్‌టాప్‌లా రీస్టార్ట్ చేయలేం. ఆగి చల్లారితే లోపలి ఇటుకలు దెబ్బతింటాయి, మళ్లీ మెల్లగా వేడెక్కించాలి, దానికి బొగ్గు వేరే. ఒక చిన్న బేరింగ్ కోసం ఆగిన కిల్న్ ఎంత డబ్బు తింటుందో లెక్క వేసుకోండి.

కొత్త ఓనర్లు వచ్చాక స్టోర్స్ కొనుగోళ్లన్నీ హెడ్డాఫీసుకి పోయాయి. సాఫ్ట్‌వేర్ వచ్చింది. ప్రతి నట్టుకీ కోడ్, ప్రతి షాపుకీ వెండర్ కోడ్. లేత్ షాపాయనకి జీఎస్టీ నంబర్ లేదు, కాబట్టి సిస్టమ్‌లో ఆయన లేడు. నిజం చెప్పాలంటే ఆ సిస్టమ్ తప్పేం కాదు. అంతకుముందు స్టోర్స్‌లో దొంగతనాలు లేవా అంటే ఉన్నాయి, చిన్నాన్నే చెప్పిండు. కానీ డేటా మైగ్రేట్ చేసిన వాళ్లు ఐటమ్ పేరు, క్వాంటిటీ, రేటు తీసుకున్నారు. నోట్‌బుక్ గురించి ఎవరూ అడగలేదు. దానికి ఫీల్డ్ లేదు కదా.

ఇక్కడే అసలు ట్విస్ట్. వాళ్లు చిన్నాన్నని తీసెయ్యలేదు. పైగా మెచ్చుకున్నారు. “మీలాంటోళ్లు మా వేరే ప్లాంటులో కావాలి” అని ప్రమోషన్ ఇచ్చి వేరే రాష్ట్రానికి పంపారు. ఇంట్లో స్వీట్లు పంచారు, నాకు గుర్తు. అక్కడ ఆయనకి భాష రాదు, లేత్ షాపులు తెలీదు, ఎవరి బాకీ ఎవరు ఓర్చుకుంటారో తెలీదు. ఏడాది దాటిందో లేదో వచ్చేసిండు. “అక్కడ నేనెవర్నిరా? కోడ్ కొట్టేటోడ్ని. గది ఎవరైనా కొడతరు” అన్నడు. ఇప్పుడు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తున్నాడు. ఇక్కడి ఫ్యాక్టరీకి ఆయన లేడు, అక్కడి ఫ్యాక్టరీకీ లేడు. 2 + 2 లో ఒక 1 దారిలో ఎక్కడో పడిపోయింది. అది ఏ బ్యాలెన్స్ షీట్‌లోనూ కనపడదు.

ఇది మా ఇంటి ఏడుపు మాత్రమే అనుకున్నా చాలా రోజులు. సెమిస్టర్ సెమినార్ కోసం వెతుకుతుంటే లారెన్స్ కాప్రన్ అనే ప్రొఫెసర్ 1999లో రాసిన పేపర్ దొరికింది. యూరప్, ఉత్తర అమెరికాల్లో ఒకే రంగంలోని కంపెనీలు ఒకదాన్నొకటి కొన్న 253 కేసులు తీసుకుని, కొన్నాక ఏం కలిపారు, ఏం తీసేశారు, ఫలితం ఏమైంది అని చూశారు. ఆస్తులు తగ్గించుకోవడం, వనరుల్ని అటూ ఇటూ మార్చుకోవడం రెండూ పనితీరుని పెంచగలవు అని తేలింది. కానీ తీసేసిన ఆస్తులూ, కదిలించిన వనరులూ అమ్ముడుపోయిన కంపెనీవి అయినప్పుడు మాత్రం దెబ్బతినే ప్రమాదం బాగా ఎక్కువ. నేను ఆ వాక్యం దగ్గర ఆగిపోయా. తీసేస్తేనే కాదు, కదిలించినా. మా చిన్నాన్నకి జరిగింది ఆ రెండోది.

ఎందుకలా అవుతుందో నా గెస్ చెప్తా. కొన్నవాడికి తన కంపెనీ లోపల ఏది దేనికి కట్టి ఉందో తెలుసు. కొనబడ్డ కంపెనీ లోపల తెలీదు. వేరేవాడి రిపోజిటరీ నుంచి ఒక ఫంక్షన్ కాపీ కొట్టి తెచ్చుకుంటే మన దగ్గర రన్ అవ్వదు కదా, దాని కింద ఎన్ని డిపెండెన్సీలున్నాయో మనకి కనపడవు కాబట్టి. మంచి ఫంక్షనే, కానీ ఆ ఫోల్డర్లోనే మంచిది. చిన్నాన్న పనితనం మిర్యాలగూడ అనే ఫోల్డర్లో ఉంది.

నా రూమ్మేట్ దీనికి ఒప్పుకోలేదు. “అరేయ్, కంపెనీ ఏమన్నా ధర్మసత్రమా? ఒక నోట్‌బుక్ కోసం వేల కోట్ల డీల్ ఆపుతారా?” అన్నాడు. ఆపమని ఎవరన్నారు? పైగా నేను చెప్పేది కూడా డబ్బు లెక్కే. మన హైదరాబాద్‌లోనే జరిగింది చూడు అన్నా. 2009 జనవరి 7న సత్యం లెక్కలు అబద్ధమని దాని ఛైర్మనే ఒప్పుకున్నాడు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరు 58 రూపాయలకి దాన్ని గెలుచుకుంది. కానీ వెంటనే కలిపెయ్యలేదు. మహీంద్రా సత్యం అని వేరే పేరుతో నడిపి, 2013లో గానీ విలీనం చేయలేదు. కోర్టులు, పాత లెక్కలు తేలకపోవడం లాంటి కారణాలు కూడా ఉన్నాయి, నిజమే. అయినా ఐటీలో అందరికీ ఒక విషయం తెలుసు, మనుషులు వెళ్లిపోతే క్లయింట్లు వెళ్లిపోతారని. అక్కడ వనరు అంటే మనిషని కళ్లకి కనపడుతుంది. సిమెంట్‌లో వనరు అంటే కొండ, కిల్న్, లైమ్‌స్టోన్ లీజు అని అనుకుంటారు, ఎందుకంటే అవి అంత పెద్దగా కనపడతాయి మరి. మనిషి వాటి నీడలో పడిపోతాడు.

రూమ్మేట్ ఇంకో మంచి పాయింట్ లాగాడు, అది ఒప్పుకోవాలి. “లాభం తగ్గితే అది కలపడం వల్లే అని ఎట్ల చెప్తవ్?” నిజంగా చెప్పలేం. సాగర్ సిమెంట్స్‌నే తీసుకుంటే, 2023లో దివాలా కోర్టు ద్వారా, కృష్ణకి అవతల దాచేపల్లిలో ఉన్న ఆంధ్రా సిమెంట్స్‌ని సుమారు 922 కోట్ల ప్లాన్‌తో తీసుకుంది. నది దాటితే పక్క ఫ్యాక్టరీ, కలపడానికి ఇంతకంటే వీలైనది ఉండదు. ఆ తర్వాతి ఆర్థిక సంవత్సరాల్లో గ్రూపుకి నష్టం వచ్చింది. కానీ అదే టైంలో తెలుగు రాష్ట్రాల్లో సిమెంట్ ధరలూ బాగా పడిపోయాయి. మూతపడి ఉన్న ఫ్యాక్టరీని లేపడానికి ఖర్చూ ఉంటుంది. ఏది ఎంత అని విడదీయడానికి మన దగ్గర ‘కొనకుండా ఉంటే ఏమయ్యేది’ అనే రెండో సాగర్ లేదు. అల్ట్రాటెక్ చేతికొచ్చాక ఇండియా సిమెంట్స్ నిర్వహణ లాభంలోకి రావడం కూడా అంతే, మెచ్చుకోవాల్సిందే, కానీ దేనివల్ల ఎంత అన్నది బయటి నుంచి తేల్చలేం. అందుకే క్వార్టర్ రిజల్ట్ రాగానే “సినర్జీ వచ్చింది” అనే హెడ్‌లైన్ నేను నమ్మను, “డీల్ ఫెయిల్” అనే హెడ్‌లైన్ కూడా నమ్మను.

నమ్మేది ఒకటుంది. ప్రయాణం చేయగలిగే వనరులున్నాయి, చేయలేనివి ఉన్నాయి. డబ్బు, క్లింకర్, బొగ్గు కాంట్రాక్టు, మంచి మెయింటెనెన్స్ పద్ధతి, ఇవి ఎక్కడికైనా పోతాయి, కలపండి. డీలర్ నమ్మకం, లేత్ షాపాయన రాత్రి నిద్ర, ఊరోళ్లతో ఫ్యాక్టరీకున్న సంబంధం పోలేవు. మా మామకి సిమెంట్, ఐరన్ షాపు ఉంది. కంపెనీ మారితే ఆయన అడిగే మొదటి ప్రశ్న రేటు కాదు, “పాత ఆఫీసరే వస్తడా, కొత్తోడు వస్తడా?” అని. ఎందుకంటే మామ ఇచ్చే ఉద్దెర మేస్త్రీల మొహాలు చూసి, మామకి కంపెనీ ఇచ్చే గడువు ఆ ఆఫీసర్ మామ మొహం చూసి. ఆ గొలుసులో ఒక కొక్కెం ఊడితే బస్తా క్వాలిటీ ఎంత బాగున్నా అది గోడౌన్లోనే ఉంటది.

ఇదంతా మనకెందుకంటారా? రేపు మనలో సగం మంది ఈ విలీనాల మధ్యలోనే కూర్చుంటాం. పాత సిస్టమ్ నుంచి కొత్త సిస్టమ్‌కి డేటా మార్చే ప్రాజెక్ట్ ఫ్రెషర్స్‌కే ఇస్తారు, బోరు పని కాబట్టి. ఏ కాలమ్ ఉంచాలి, ఏది డ్రాప్ చేయాలి అనేది మనం టైప్ చేసే లైనే. ‘రిమార్క్స్’ అని ఒక కాలమ్ ఉంటుంది ప్రతి పాత టేబుల్‌లో, చెత్తగా, సగం తెలుగు సగం ఇంగ్లిష్‌లో. ముందు ఎగిరిపోయేది అదే. నా డిమాండ్ చాలా చిన్నది: ఆ కాలమ్ తీసేముందు దాన్ని రాసిన మనిషితో ఒక పూట కూర్చోనివ్వండి. కొన్న కంపెనీ ఇంజినీర్లు మొదటి నెలలో అమ్ముడుపోయిన ఫ్యాక్టరీకి నేర్పడానికి కాదు, అడగడానికి వెళ్లాలి. దానికయ్యే ఖర్చు ఒక కిల్న్ ఒక రాత్రి ఆగిన ఖర్చు కంటే తక్కువే ఉంటుందని నా పందెం.

సంక్రాంతి సెలవుల్లో చిన్నాన్న వాళ్లింట్లో పడుకున్నా. అర్ధరాత్రి దాటాక ఆయన ఫోన్ మోగింది. పాత ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ పిల్లాడెవరో. చిన్నాన్న లైటు కూడా వేయలేదు, మంచం మీద కూర్చుని ఒక బేరింగ్ నంబర్ చెప్పిండు, షిమ్ మందం చెప్పిండు, “నా పేరు చెప్పు, లేస్తడు” అని ఒక ఫోన్ నంబర్ చెప్పిండు. ఉద్యోగం మానేసి అన్నేళ్లయింది. 

“కన్సల్టేషన్ ఫీజు అడగాల్సింది చిన్నాన్నా” అన్నా.

“ఏం ఫీజురా? కిల్న్ ఆగితే ఇటుకలు పోతయ్” అని అటు తిరిగి పడుకున్నడు.